సింగిల్స్ వదిలేసి డబుల్స్‌కే వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, టెన్నిస్ ఆడతాడు. సింగిల్స్‌లో మొదటి రౌండ్లలోనే ఓడిపోతున్నాడు, డబుల్స్‌లో మాత్రం టైటిళ్లు గెలుస్తున్నాడు. ఇక డబుల్స్ ఒక్కటే ఆడమని కోచ్ అంటున్నారు. దానితో స్థిరపడగలడా?

జవాబు: స్థిరపడగలడు. కానీ ఈ వయసులో సింగిల్స్ మానిపించకండి. డబుల్స్ డ్రాలో, అంటే టోర్నీలో ఆడే జోడీల జాబితాలో, చోటు ఇద్దరి ర్యాంకులూ కలిపి చూసి ఇస్తారు. చాలా టోర్నీల్లో అందుకు సింగిల్స్ ర్యాంకు కూడా పనికొస్తుంది. ఆ ర్యాంకు ఉన్న కుర్రాడికి మంచి జోడీ త్వరగా దొరుకుతుంది. రోహన్ బోపన్న సింగిల్స్‌లో అందుకున్న అత్యుత్తమ ర్యాంకు 213. అదే ఆటగాడు 2024లో, 43 ఏళ్ల వయసులో, ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. సానియా మీర్జా కూడా సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లి, గాయాల వల్ల 2013లో దాన్ని వదిలేశాకే డబుల్స్‌లో శిఖరానికి చేరింది. డబుల్స్ ఆలస్యంగా పండే ఆట, తొందరపడకండి.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. 2024 యూఎస్ ఓపెన్‌లో సింగిల్స్ విజేతకు 36 లక్షల డాలర్లు ఇచ్చారు. డబుల్స్ విజేతలకు దక్కింది 7.5 లక్షలు, అదీ ఇద్దరికీ కలిపి. కింది మెట్టున, మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లే ఉండే టోర్నీల్లో జోడీ కప్పు గెలిచినా ప్రయాణం, బస ఖర్చులు రావడం కష్టం. మొదటి కొన్నేళ్లు మీరు పెట్టుబడి పెట్టాల్సిందే.

వాడికి ఈ ఆట నిజంగా వచ్చా అన్నది స్కోరు చూస్తే తెలియదు. ఈసారి భాగస్వామి సర్వీస్ చేస్తున్నప్పుడు నెట్ దగ్గర మీ అబ్బాయి పాదాలు చూడండి. ప్రత్యర్థి రిటర్న్ (సర్వీస్‌కు బదులిచ్చే షాట్) కొట్టే క్షణంలో అడ్డంగా దూసుకెళ్తున్నాడా, నిలబడిపోయి చూస్తున్నాడా? వాడు కొట్టే రిటర్న్, నెట్‌కు దూసుకొస్తున్న సర్వర్ పాదాల దగ్గర పడుతోందా? భాగస్వామి రెండు సర్వీసులూ తప్పి డబుల్ ఫాల్ట్ చేస్తే ముఖం చిట్లిస్తున్నాడా, వెళ్లి భుజం తడుతున్నాడా? ఈ చివరిది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. అలిగే ఆటగాడితో ఏడాదంతా తిరగడానికి ఎవరూ ఒప్పుకోరు.

చదువు మాత్రం ఆపవద్దు. అమెరికా యూనివర్సిటీల టీమ్ మ్యాచ్‌ల్లో డబుల్స్‌కు ప్రత్యేకంగా పాయింటు ఉంటుంది కాబట్టి, మంచి డబుల్స్ ఆటగాడిని అక్కడి కోచ్‌లు గమనిస్తారు. స్కాలర్‌షిప్ దొరికితే డిగ్రీ పూర్తయ్యేలోపు ఆట, శరీరం రెండూ పదునెక్కుతాయి. ఆ దారిలో వెళ్లాలనుకుంటే, ప్రైజ్ మనీ తీసుకోవడంపై అక్కడి అర్హత నిబంధనలను ప్రొఫెషనల్ టోర్నీలకు పంపే ముందే చదవండి.