రేకుల షెడ్డులో క్లాసు పెడుతున్న మేనకోడలికి

చి. బుజ్జమ్మకి మావయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు పాలకొల్లులో కరాటే క్లాసు పెడుతున్నావనీ, మే ఒకటో తారీకున మొదలనీ చెప్పింది. మీ అత్తయ్యకి ఆ మాట చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లవి, ధాన్యం ఎత్తేసిన కళ్ళంలో ఒక్కదానివీ హెయాన్ షోడాన్ కటా, అదే పిల్లలకి మొదట నేర్పే కదలికల వరస, చేసుకునేదానివి. ఇరవై ఒక్క కదలికలూ అయ్యాక మొదలుపెట్టిన చోటికే వచ్చానా లేదా అని ముందే బొటనవేలితో గీసుకున్న గీతని వంగి చూసుకునేదానివి. నేను నేర్పిన వాళ్ళలో అలా గీత గీసుకున్న పిల్ల నువ్వొక్కత్తివే. నువ్వు నేర్పకపోతే ఇంకెవరు నేర్పాలి?

కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది. ఆ షెడ్డు పాత కొబ్బరికాయల గోడౌనంట, పైన రేకులంట. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం వినకుండానే "సరే మావయ్యా" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

నేల చదునుగా ఉండాలి, గోడలకి మేకులుండకూడదు, పిల్లలు గోళ్ళు తీసుకుని రావాలి, దెబ్బలకి మందుల పెట్టె చేతికందే చోట ఉండాలి. ఇవి నీకు తెలిసినవే.

నువ్వు మొదట కొనాల్సింది మ్యాట్లు కాదు, అద్దాలు కాదు. రెండు పెద్ద నీళ్ళ కుండలు. ఎందుకో చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1989 మే నెల. అమలాపురం దగ్గర ఒక రేకుల షెడ్డులో నేను వేసవి శిబిరం పెట్టాను. నలభై మంది పిల్లలు. బ్లాక్ బెల్ట్ వచ్చి రెండేళ్ళయింది, కాకినాడలో మా మాస్టారు నేర్పినట్టే నేర్పాలని పట్టుదల. ఆయన క్లాసు మధ్యలో నీళ్ళు తాగనిచ్చేవారు కాదు. దాహం ఓర్చుకుంటే మనసు గట్టిపడుతుందనేవారు. నేనూ అదే నియమం పెట్టాను. ఏం చెప్పినా సరేనని "ఓస్" అనాలి, ఇంకో మాట రాకూడదు.

కొబ్బరి దింపు తీసే ఆయన కొడుకు ఒకడు వచ్చేవాడు. పదకొండేళ్ళవాడు, సన్నగా ఉండేవాడు. కటా ఒక్కసారి చూపిస్తే చాలు, పట్టేసేవాడు. ఆ రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకే రేకులు సెగ కక్కుతున్నాయి. మన దగ్గర వేసవి సంగతి నీకు తెలుసు. రాజమండ్రి అవతల ఎండ మాడ్చేస్తుంది, ఇక్కడ కొబ్బరి తోటల మధ్య గాలి స్తంభించిపోతుంది. చెమట కారుతుందే గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఉక్కపోతలో ఆ ఆరడమే ఉండదు కనక లోపలి వేడి లోపలే పెరుగుతుంది. ఈ సంగతి నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వాడు "నీళ్ళండీ" అన్నాడు. "ఓస్ అను" అన్నాను. "ఓస్" అన్నాడు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే మాట చెప్పాను.

తర్వాత హెయాన్ షోడాన్ చేయించాను. మొదటి అడుగు ఎడమకి కదా. వాడు కుడికి తిరిగాడు. ఎప్పుడూ తప్పు చెయ్యని పిల్లాడు. నాకు ఒళ్ళు మండింది. పదిమందిలో తిట్టి మళ్ళీ మొదటి నుంచి చెయ్యమన్నాను. మళ్ళీ కుడికే తిరిగాడు. ఈసారి నా వైపు చూశాడు గానీ ఆ చూపు నా మీద ఆగలేదు. వేడి తలకెక్కిన వాడికి దిక్కు తెలియదు బుజ్జమ్మా. నేను దాన్ని అశ్రద్ధ అనుకున్నాను. మూడోసారి చేస్తూ పడిపోయాడు.

ఒళ్ళు పెనంలా ఉంది. బయట కాలువ ఉంది గానీ అది కాలువలు కట్టేసిన రోజులు, అడుగున ఎండిన బురద తప్ప చుక్క లేదు. పెద్ద పిల్లలు బోరింగు కొట్టి బిందెలతో తెచ్చారు. కరాటే బట్టలు విప్పేసి ఒళ్ళంతా నీళ్ళు పోసి, తడి తువ్వాళ్ళు కప్పి, తాటాకు విసనకర్రలతో విసిరాం. రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ముందే చల్లబరచబట్టి బతికాడని డాక్టరు గారు చెప్పారు.

వాళ్ళ నాన్న తోటలో నుంచి అలాగే వచ్చేశాడు, నడుముకి కత్తి, భుజాన మోకు. మంచం పక్కన నిలబడి కొడుకు పాదం పట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. చాలాసేపటికి ఒకటే అడిగాడు.

"నీళ్ళడిగాడా మేస్టారూ?"

నేను అబద్ధం ఆడలేకపోయాను, నిజమూ చెప్పలేకపోయాను. ఆయనకి అర్థమైపోయింది. పిల్లాడు కోలుకున్నాడు గానీ మళ్ళీ క్లాసుకి రాలేదు. ఇప్పుడు నలభై దాటినవాడు, ఎక్కడైనా కనిపిస్తే నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం తీసుకోవడం నాకు ఇప్పటికీ కష్టమే.

అందుకే చెబుతున్నాను. పావుగంటకోసారి అందరి చేతా నీళ్ళు తాగించు, అడిగే దాకా ఆగకు. మే నెలలో క్లాసు ఆరింటికి మొదలై ఏడున్నరకి అయిపోవాలి. పిల్లాడు తడబడినా, పిచ్చి మాటలన్నా, తెలిసిన కటా తప్పినా ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూడు. పడిపోతే వెంటనే నీడకి చేర్చి ఒళ్ళు తడిపి విసరాలి, ఒకళ్ళు 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేని పిల్లల నోట్లో నీళ్ళు పొయ్యకు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, ఇందులో ఏది కరాటే, ఏది మా మాస్టారి మొండితనం అని. కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో ఇతోసు అంకో గారని పెద్దాయన, 1901 ప్రాంతంలో కరాటేని బడిలోకి తెచ్చాడు. 1908లో పది విషయాలతో ఉత్తరం రాసి, చిన్న బడి నుంచే నేర్పాలన్నాడు. పొడవైన పాత కటాలు పిల్లలకి కష్టమని ఐదు చిన్న కటాలు కూర్చాడు. నువ్వు కళ్ళంలో చేసుకున్న హెయాన్ అందులోదే. అంటే ఆ కటా పిల్లల కోసం పుట్టింది తల్లీ. పిల్లల ఒంటిని చూసి విద్యని సర్దడమే మన సంప్రదాయం. నేను దాహాన్ని సంప్రదాయం అనుకున్నాను. ఎవరైనా "పూర్వం నుంచీ ఇంతే" అంటే "ఎందుకు?" అని అడుగు. నేను చెప్పినదాన్ని కూడా అడుగు.

ఇంక నీ పోస్టరు. మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. "మూడు నెలల్లో యెల్లో బెల్ట్ గ్యారంటీ" ఏమిటి? గ్యారంటీ ఇవ్వడానికి అదేమన్నా మిక్సీయా? బెల్టులు ఒకినావా పాత పద్ధతే కాదు. డాన్‌లు, అంటే బ్లాక్ బెల్టు మెట్లు, జూడో మొదలుపెట్టిన కానో గారు పెట్టారు, వాటిని తీసుకుని ఒకినావా నుంచి వచ్చి జపాన్‌లో కరాటే నేర్పిన ఫునకోషి గారు 1924లో కరాటేలో మొదలుపెట్టారు. గుర్తుకి మంచివే. కానీ బెల్టు పరీక్ష ఫీజు మీద నీ అద్దె ఆధారపడిందంటే, రాని పిల్లకి కూడా వచ్చిందని చెప్పాల్సి వస్తుంది. ఆ పిల్ల దాన్ని నమ్మి ఎక్కడో ధైర్యం చేస్తుంది. అద్దె నెల ఫీజులోంచే కట్టు, చాలకపోతే నాకు చెప్పు. ఆ గ్యారంటీ మాట రేపే తీసేయించు.

పోస్టరు మీద పెంకులు పగలగొట్టే ఫోటో కూడా తీసెయ్యి. అది చూసి వచ్చిన పిల్లలు మొదటి రోజే పెంకులు అడుగుతారు. ఎముకలు ఇంకా ముదరని చేతులవి. పదహారు నిండని వాళ్ళ చేత గడ్డి చుట్టిన గుద్దుడు కొయ్య, మకివారా కూడా కొట్టించకు. గట్టి నేల మీద పిడికిళ్ళతో దండీలూ వద్దు.

నేర్పడం నీకు వచ్చు, అయినా ఒకటి. హికితె, అదే కొట్టేటప్పుడు రెండో చేతిని వెనక్కి లాగడం, పిల్లలకి అర్థం కాదు. కొట్టే చెయ్యి చూస్తారు, వెనక్కి లాగే చేతిని మర్చిపోతారు. నేను ఎప్పుడూ గిలక బావి చూపించేవాణ్ణి. ఒక చెయ్యి దిగితేనే రెండోది ఎక్కుతుంది. ఇప్పుడు గిలకలు లేవు కనక స్తంభానికి తువ్వాలు చుట్టి రెండు కొసలూ చేతికిచ్చి లాగించు. పది లాగులకి నడుము దానంతటదే తిరుగుతుంది. మోకాళ్ళు వంచి కిందికి దిగి నిలుచోవడానికి గోదారి దాటించే పంటు గుర్తు చెయ్యి. రేవుకి తగిలే ముందు అందరూ మోకాళ్ళు వదులు చేస్తారు కదా, అదే.

ఐదు హెయాన్లూ ఆపడంతోనే మొదలవుతాయి, కొట్టడంతో కాదు. మొదటి వారమే ఇది చెప్పు, తల్లిదండ్రులకి కూడా. పిల్లల భంగిమ సరిచేసేటప్పుడు "ముట్టుకోనా?" అని అడిగి ముట్టుకో. ఆ అలవాటు ఉన్న పిల్ల రేపు ఇంకెవరైనా అడక్కుండా ముట్టుకుంటే అది తప్పని గుర్తుపడుతుంది. తలుపులు తీసే ఉంచు, అమ్మలు వచ్చి కూర్చుంటామంటే కుర్చీ వెయ్యి.

ఇంత తిట్టానని బాధపడకు. నువ్వు నాకంటే బాగా నేర్పుతావు. పిల్లల వంక చూడటం నీకు చిన్నప్పటి నుంచే వచ్చు.

రేకుల మీద పరచడానికి కొబ్బరాకు తడికలు అల్లే ఆయనతో పొద్దున్నే మాట్లాడాను. కొలతలు కావాలన్నాడు. షెడ్డు పొడుగూ వెడల్పూ, రెండు వైపులా వాలు ఎంతుందో కొలిచి రేపు సాయంత్రానికి ఫోన్ చెయ్యి. ఆదివారం తడికలూ కుండలూ ఆటోలో వేసుకుని నేనే వస్తాను.

మీ అత్తయ్య ఆవకాయ జాడీ కూడా పంపుతోంది.

ఆశీస్సులతో,
మావయ్య