ఇంట్లో చేసిన మామిడి ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌లో రాయిలా అయిపోతోంది, ఏం చేయాలి?

అర లీటరు టోన్డ్ పాలు, కప్పు మామిడి గుజ్జు, నాలుగు స్పూన్ల పంచదారతో చేస్తే మర్నాటికి స్పూను దిగట్లేదన్నారు. మీ ఫ్రీజర్‌ని అనుమానించకండి. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, మిగతా ఘనపదార్థం ఎనిమిదిన్నర శాతం, తక్కినదంతా నీళ్లే. మామిడి గుజ్జులోనూ నూటికి ఎనభై పాళ్ల పైనే నీళ్లు. అన్ని నీళ్లకి నాలుగు స్పూన్ల పంచదార ఏ మూలకి?

ఐస్‌క్రీమ్‌లో పంచదార పని తీపి ఒక్కటే కాదు. చక్కెర కరిగిన నీళ్లు సున్నా దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి దిగాలి. మైనస్ 18లో కూడా కొంత చిక్కటి పాకంగానే మిగిలిపోతుంది, స్పూను దిగేది దాని వల్లే. మా ఆయన తీపి తగ్గించమని అంటూనే ఉంటారు. నేను తగ్గించను, కావాలంటే రెండు స్పూన్లు తక్కువ తినమంటాను.

మరీ తియ్యగా వద్దనుకుంటే ఒక దారి ఉంది. పంచదారలో నాలుగో వంతు తీసేసి, అంతే బరువు ఏ ఫ్లేవరూ లేని గ్లూకోజ్ పొడి వేయండి. దాని తీపి తక్కువ, గడ్డకట్టకుండా ఆపే శక్తి బరువుకు బరువు చూస్తే పంచదారకి దాదాపు రెట్టింపు. మెడికల్ షాపులో దొరుకుతుంది.

నా లెక్క ఇది. లీటరు ఫుల్ క్రీమ్ పాలు అడుగంటకుండా కలుపుతూ సగానికి మరిగిస్తాను. పంచదార, గ్లూకోజ్ కలిపి 150 గ్రాములు. చల్లటి పాలలో కలిపిన రెండు చిన్న స్పూన్ల కార్న్‌ఫ్లోర్ పోసి ఇంకాస్త ఉడకనిచ్చి దించుతాను. గుజ్జుని పచ్చిగా వేయను, విడిగా బాణలిలో దగ్గరపడేదాకా ఉడికిస్తాను. రసాల కన్నా బంగినపల్లి నయం, గుజ్జు చిక్కగా వస్తుంది. అన్నీ పూర్తిగా చల్లారాక 200 ఎంఎల్ క్రీమ్ కలుపుతాను. ఉడికించని మామిడిపండు ముక్కలు మాత్రం వేయకండి, పంటికి మంచు పెళ్లల్లా తగులుతాయి. ముక్కలు కావాల్సిందే అంటే పంచదారలో కాసేపు ఉడికించి వేసుకోండి.

ఐస్‌క్రీమ్ మెత్తగా రావడానికి కొందరు వేసే జీఎమ్ఎస్, సీఎమ్‌సీ అనే పొడులు బేకరీ సరుకుల షాపులో దొరుకుతాయి, పనిచేస్తాయి కూడా. కానీ సీఎమ్‌సీ చిటికెడు ఎక్కువైనా జిగురొస్తుంది. పాలు మరిగించే ఓపిక ఉన్నవాళ్లకి వాటి అవసరం అంతగా ఉండదు. ఇక పాలతో సంబంధం లేని విప్పింగ్ క్రీమ్ వాడితే మెత్తగానే ఉంటుంది, కాకపోతే అంగిలికి అంటుకునే ఆ నూనె పూత నాకు పడదు.

గాలి కూడా చేరాలి. మెషీన్ లేకపోతే అంచులు గట్టిపడుతుండగా బయటికి తీసి బీటర్‌తో గిలకొట్టి మళ్లీ పెట్టాలి. ఇలా రెండు మూడు విడతలు చేస్తే మంచు రవ్వ సన్నగా ఉంటుంది.

తర్వాత వెడల్పాటి మూత డబ్బాలో పోసి, పైన క్లింగ్ ఫిల్మ్ ఐస్‌క్రీమ్‌కి తగిలేలా అద్ది, ఫ్రీజర్ వెనక వైపు పెట్టండి. తలుపు పక్కన వద్దు, తెరిచినప్పుడల్లా వేడి తగిలి కాస్త కరిగి మళ్లీ గట్టిపడుతుంది, రవ్వ పెద్దదవుతుంది. మంచు పేరుకోని ఫ్రిజ్‌లు లోపలి మంచు కరిగించుకోవడానికి అప్పుడప్పుడూ వాటంతటవే వేడెక్కుతాయి, అందుకే ఎంత బాగా చేసినా రెండు వారాల్లోపే తినేయడం మంచిది. వడ్డించే ముందు ఒక పదిహేను, ఇరవై నిమిషాలు డబ్బాని కింది ఫ్రిజ్‌లోకి మార్చండి. బల్ల మీద పెడితే అంచులు కారిపోతాయి, నడిమి మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఎండాకాలం కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తెరవకండి. అయినా పూర్తిగా కరిగిపోతే మళ్లీ గడ్డకట్టించే ప్రయత్నం వద్దు. ఇంకా చల్లగా ఉంటే అప్పటికప్పుడు గ్లాసుల్లో పోసి పిల్లలకిచ్చేయండి.