అల్లుడికి, వ్యూల లెక్క గురించి

ఒరేయ్ అల్లుడూ,

నీ ఫొటోలన్నీ ఫ్లికర్‌లో, అదే ఆ ఫొటోల సైట్‌లో, పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! మన వాళ్లలో నా తర్వాత కెమెరా భుజానేసుకుని తిరుగుతున్నది నువ్వొక్కడివే. ఆ సంతోషంలో ఉండగానే ఇంకో మాట చెప్పింది. ఆరు నెలలు చూస్తావట, వ్యూలు రాకపోతే కెమెరా అమ్మేస్తావట. అక్క పాపాయి ఫొటోలకి జనం బాగా వస్తారు కాబట్టి ముందు అవే పెడతావట. ఈ రెండు మాటలకీ నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు అమ్మకం సంగతి. ఆ అంకె దేన్ని లెక్కపెడుతుందో తెలుసుకోకుండా దానిమీద తీర్పు ఎలా చెబుతావురా? వ్యూ అనేది అన్నిచోట్లా ఒకటి కాదు. ఫ్లికర్‌లో ఎవరైనా నీ ఫొటో తెరిచి చూస్తే అంకె పెరుగుతుంది. నువ్వే లాగిన్ అయి పదిసార్లు తెరుచుకున్నా పెరగదు. (చిన్నప్పుడు మార్కుల కార్డు గంటకోసారి తీసి చూసుకునేవాడివి, అందుకని ముందే చెబుతున్నా.) ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో తెరమీద కనబడితే చాలు, ఒకే మనిషికి మూడుసార్లు కనబడితే మూడు వ్యూలు. అసలు ఎంతమంది చూశారో తెలియాలంటే అక్కడ ‘రీచ్’ అని వేరే అంకె ఉంటుంది. అన్‌స్ప్లాష్ అనే ఉచిత ఫొటోల సైట్‌లో అయితే వేరే యాప్‌లూ సైట్లూ అక్కడి నుంచి తెచ్చి చూపించినవి కూడా కలుస్తాయి. అందుకే అక్కడ ఖాళీ టేబుల్ ఫొటోకి కూడా లక్షల్లో కనిపిస్తుంది. నీ ఫ్రెండెవరో ఆ అంకె చూపించి నిన్ను ఆటపట్టిస్తున్నాడట కదా, ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు అని చెప్పు. ఇంకోటి కూడా అడుగు: అక్కడ పెట్టిన ఫొటోని ఎవరైనా, వ్యాపారానికైనా సరే, పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చని వాడికి తెలుసా అని.

ఫొటోకి పేరు పెట్టు, ట్యాగులు (వెతికేవాళ్లకి ఫొటో దొరికేలా చేసే మాటలు) రాయి, వరసగా ఇరవై ఒకేసారి కుమ్మరించకు. ఇవి ఎవరైనా చెబుతారు.

ఎవరూ చెప్పనిది ఏమిటంటే, ఆ అంకె చూడగానే ‘వీళ్లు ఎటు నుంచి వచ్చారు’ అని అడగాలి. ఫ్లికర్‌లో ‘ఎక్స్‌ప్లోర్’ అని ఉంది. రోజుకి ఐదు వందల ఫొటోల దాకా కంప్యూటరే ఎంచి అందులో పెడుతుంది. క్లిక్కులు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎవరు ఎప్పుడు కామెంట్ రాశారు, ఎవరు ఫేవ్ (అంటే ‘నచ్చింది’ అనే గుర్తు) కొట్టారు, ట్యాగులేమిటి, ఇలాంటివన్నీ చూస్తుందట. అందులో పడితే ఒక్కరోజులో వేలమంది వస్తారు, మర్నాటికి సద్దుమణుగుతుంది. ఆ మర్నాడు దిగులుపడే వాళ్లని చాలామందిని చూశాను. ఫొటో నిన్న ఎంత బాగుందో ఇవాళా అంతే బాగుంది, దారి మూసుకుపోయింది అంతే. గ్రూపుల వ్యవహారం ఇంకో రకం. కొన్నింటిలో ఒక ఫొటో పెడితే ఇద్దరి ఫొటోల కింద కామెంట్ రాయాలని నియమం. అందరూ ‘అద్భుతం’ అని రాసేసి పోతారు. అవి పెళ్లిళ్లలో చదివింపుల్లాంటివి, ఇచ్చినంతే తిరిగొస్తాయి.

నా ఫొటోలన్నిటిలోకీ ఎక్కువ వ్యూలు దేనికో తెలుసా? పాత కెమెరాలో ఫిల్మ్ ఎలా ఎక్కించాలో చూపించడానికి వెనక మూత తెరిచి తీసిన ఫొటోకి. వెలుతురు బాలేదు, మూల మీద నా బొటనవేలు కూడా పడింది. కానీ టైటిల్‌లో కెమెరా పేరూ మోడలూ స్పష్టంగా రాశాను. ఆ కెమెరా ఎక్కడో అటకమీద దొరికినవాళ్లు గూగుల్‌లో వెతుక్కుని ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. మా అమ్మ, అంటే నీ నానమ్మ, కిటికీ పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్న ఫొటో ఉంది చూడు, దాన్ని చూసినవాళ్లు చాలా తక్కువ. ఆ అంకె చూసి నేను కెమెరా అమ్మాలంటావా? డబ్బు కట్టే ప్రో సభ్యులకి స్టాట్స్ అనే లెక్కల పేజీలో ఎవరు ఏ దారిన వచ్చారో చూపిస్తారు. అది లేకపోయినా, వ్యూలని ఒక్కటే చూడకుండా వందమంది తెరిస్తే ఎందరు ఫేవ్ కొట్టారో చూడు. పాత ఫొటోనీ నిన్నటి ఫొటోనీ పక్కపక్కన పెట్టి పోల్చకు, పాతదానికి బోలెడు టైమ్ దొరికింది.

ఇప్పుడు పాపాయి ఫొటోల విషయం. ఇది మాత్రం జాగ్రత్తగా చదువు.

చాలా ఏళ్ల క్రితం నాకొక స్నేహితురాలు ఉండేది, మంచి చెయ్యి ఆవిడది. పువ్వులు, వాన, పాత తలుపులు తీసేది. ఒకసారి వాళ్ల పాప నీళ్లలో ఆడుకుంటున్న ఫొటో పెట్టింది. ముద్దుగా ఉంది, అందులో తప్పేమీ లేదు. మిగతావాటికి పదులు వచ్చే చోట దానికి వేలు రావడం మొదలైంది. ఆవిడ సంబరం చూడాలి! ‘జనానికి నా పోర్ట్రెయిట్లు నచ్చుతున్నాయి’ అని పువ్వులు మానేసి అలాంటివే ఇంకా తీసింది. అవీ పరిగెత్తాయి. అంకె పెరిగే కొద్దీ తీసింది, తీసే కొద్దీ పెరిగింది. ఆ అంకెని ఆవిడ మెచ్చుకోలు అనుకుంది. ఒకనాడు గ్రూపులో ఒక పెద్దాయన, ఫేవ్ కొట్టినవాళ్లెవరో ఒక్కసారి తెరిచి చూడమ్మా అని మెసేజ్ పెట్టాడు. చూసింది. సగం ఖాతాల్లో వాళ్లు తీసిన ఫొటో ఒక్కటీ లేదు, ముఖం లేదు, పేరు లేదు. వాళ్ల ఫేవరెట్ల పేజీ తెరిస్తే అన్నీ ఇలాంటివే, ఎక్కడెక్కడి వాళ్ల పిల్లలవో, స్నానాలు, ఈతలు. నాకు ఫోన్ చేసి మాట రాక ఏడ్చింది. అన్నీ ప్రైవేటు చేసింది, ఆ ఖాతాల్ని బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టింది. కానీ అప్పటికే ఎవరు దాచుకున్నారో ఎలా తెలుస్తుంది? డౌన్‌లోడ్ ఆపేసే సెట్టింగ్ ఉంది, నిజమే. స్క్రీన్‌షాట్‌ని అది ఏం చేస్తుంది?

ఆవిడ ఆ తర్వాత కెమెరా ముట్టుకోలేదురా. నాకు దాని గురించే బాధ. ఆ పువ్వుల ఫొటోలు ఎంత బావుండేవో!

కాబట్టి నీ ఫొటోల్లో ఒక్కటి, కారణం లేకుండా, మిగతావాటిని దాటి పోతుంటే ముందు సంబరపడకు. ఎవరు ఫేవ్ కొట్టారో తెరిచి చూడు. ఇంట్లో తీసినవాటికి లొకేషన్ తీసేయి. పాపాయివి ‘ఫ్యామిలీ’ సెట్టింగ్‌లో పెట్టు. ఉచిత ఖాతాలో పబ్లిక్ కానివి 50 కంటే ఎక్కువ ఉండనివ్వరు, మొత్తం మీద వెయ్యి దాటనివ్వరు. అందుకని ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఒరిజినల్స్ తప్పకుండా ఉంచు. 2013లో వీళ్లే ఒక టెరాబైట్ ఉచితమన్నారు, కంపెనీ చేతులు మారాక 2019 నుంచి వెయ్యి ఫొటోలే అన్నారు. అప్పుడు జనం ఫొటోలు దించుకోవడానికి పడ్డ పాట్లు నేను చూశాను.

నీ మీద కోపం లేదు. నువ్వు తీసిన ఆ బస్సు అద్దం ఫొటో, వాన చుక్కల వెనక డ్రైవర్ ఆవలింత, నా ఫోన్ వాల్‌పేపర్ అదే. దానికి ఎన్ని వ్యూలు వచ్చినా, రాకపోయినా, వెయ్యి ఫొటోల్లోంచి దాన్ని గుర్తుపడతాను. నీకు అలాంటి కన్ను ఉంది కాబట్టే ఇంత రాశాను, లేకపోతే నాకేం పని.

పాపాయివి పెట్టే ముందు మీ అక్కని అడిగావా? అడగలేదని నాకు తెలుసు. ఇవాళే అడుగు. ఏమందో నాకు ఫోన్ చేసి చెప్పు, మెసేజ్ పెట్టి ఊరుకోకు.

నీ అత్త