చనిపోయినవాళ్ల ఫైళ్లు ఎక్కడున్నాయో ముందు కనుక్కో

అమ్మాయీ,

నీ థీసిస్ ప్లాను నిన్న రాత్రి చదివాను. పొద్దున పెన్సిలు పట్టుకుని ఇంకోసారి చదివాను. గుండెని దెబ్బతీసే కీమో మందు డాక్సోరుబిసిన్ ఎక్కించుకున్న క్యాన్సర్ రోగుల్లో, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకునేవాళ్ల గుండె కాస్త తక్కువ దెబ్బతింటుందా అన్నది నీ ప్రశ్న. మంచి ప్రశ్నే. గుండె డాక్టర్లూ క్యాన్సర్ డాక్టర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప తేలని ప్రశ్న కాబట్టి నాకు ఇంకా నచ్చింది. మా రోజుల్లో కీమో అయిపోయిన మనిషి ఆయాసంతో వస్తే క్యాన్సర్ డాక్టర్లు మా గుండె వార్డుకి, మేం వాళ్ల వార్డుకి పంపుకునేవాళ్లం.

కానీ నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర పెన్సిలు ఆగిపోయింది. "కనీసం ఆరు నెలలు స్టాటిన్ వాడినవారు ఒక గుంపు, అసలు వాడనివారు మరో గుంపు" అని రాశావు. చూడటానికి ఎంతో బాధ్యతగా ఉంది. నాలుగు రోజులు వేసుకుని మానేసినవాళ్లని లెక్కలో కలపకూడదని నీ ఉద్దేశం. అయితే దాని కింద ఉన్న గొయ్యి చూడు. ఆరు నెలలు మాత్ర వేసుకోవాలంటే ముందు ఆరు నెలలు బతికుండాలి. మూడో నెలలో పోయిన మనిషి, పోయేరోజు దాకా స్టాటిన్ వేసుకున్నా సరే, నీ మొదటి గుంపులోకి రాడు. రెండో గుంపులో మాత్రం మొదటి వారంలో పోయినవాడు కూడా ఉంటాడు. ఇక ఆ మాత్రలో వట్టి పిండి ఉన్నా నీ లెక్కలో అది ప్రాణాలు కాపాడే మందే అవుతుంది.

దీనికి మందు సులువే. మొదటి కీమో ఎక్కించిన రోజుని సున్నా రోజుగా పెట్టుకో. ఆ రోజుకి ఆ మనిషి స్టాటిన్ వేసుకుంటున్నాడా లేదా, అంతే చూడు. తర్వాత మానేసినా, కొత్తగా మొదలుపెట్టినా గుంపు మార్చకు. ఫలితం కొంచెం పలచబడుతుంది. పడనీ.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. నీ వయసులో ఉన్నప్పుడు నేనూ గుండె వైఫల్యం రోగుల మీద ఒక చిన్న పరిశీలన చేశాను. ఒక మందు మొదలుపెట్టిన ఏడాదికి ఎలా ఉన్నారో చూడటం. రికార్డు రూములో కూర్చుని ఒక్కో ఫైలూ తిరగేశాను. దాదాపు అందరూ మెరుగయ్యారు. నా ఆనందం అంతా ఇంతా కాదు. కాన్ఫరెన్సుకి పంపడానికి సారాంశం కూడా రాసేశాను. ఫైళ్లు వెనక్కి ఇస్తుంటే అక్కడి గుమాస్తా, నేను చేస్తున్నదేమిటో ఆయనకి తెలీను కూడా తెలీదు, "డాక్టరుగారూ, చనిపోయినవాళ్ల ఫైళ్లు వేరే గదిలో ఉంటాయి, అవి కూడా తియ్యమంటారా?" అని అడిగాడు. తియ్యమన్నాను. నా మందు వాడినవాళ్లు ఆ గదిలోనే ఎక్కువమంది ఉన్నారు. సారాంశం చించేశాను. మా ప్రొఫెసరుగారికి ఏం చెప్పాలో తెలీక వారం రోజులు ఆయన కంటపడకుండా తిరిగాను.

ఇంక రెండోది. నీ రోగుల్లో స్టాటిన్ ఎవరు వేసుకుంటున్నారో ఆలోచించావా? షుగరు, బీపీ, పాత గుండెజబ్బు ఉన్నవాళ్లు. అంటే గుండె ముందే కాస్త నలిగినవాళ్లు. అదే సమయంలో వాళ్లు క్రమం తప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు, చెప్పిన మాత్ర చెప్పినట్టు మింగేవాళ్లు కూడా. ఒకటి ఫలితాన్ని ఇటు లాగుతుంది, ఇంకొకటి అటు. ఏది ఎంత లాగిందో ఫైలు చెప్పదు. ముట్లు ఆగిన ఆడవాళ్లకి హార్మోన్లు ఇస్తే గుండెజబ్బు తగ్గుతుందని ఏళ్ల తరబడి పరిశీలనలు చెబుతూ వచ్చాయి. చివరికి 16,608 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి చూసిన ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ట్రయల్ ఫలితాలు 2002లో వచ్చాయి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చినవాళ్లలో గుండెపోట్లు తగ్గకపోగా పెరిగాయి, రొమ్ము క్యాన్సరూ పెరిగింది. హార్మోన్లు అడిగి మరీ వాడుకున్నవాళ్లు మొదటి నుంచీ ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్లు కావడం ఆ పాత భ్రమకి ఒక కారణం. అందుకని నీ థీసిస్ చివర "స్టాటిన్ కాపాడుతుంది" అని రాయకు. "స్టాటిన్ వేసుకునేవాళ్లలో ఇలా కనిపించింది" అని రాయి. మీ గైడ్ మొదటి వాక్యమే బాగుందంటారు. వినకు.

నీ ప్రశ్న మీద అసలైన ట్రయల్స్ ఇప్పటికే జరిగాయి, నీ ప్లానులో వాటి ఊసు లేదు. అటార్వాస్టాటిన్ అనే స్టాటిన్ 40 మిల్లీగ్రాములు, ఎదురుగా ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర. ప్రివెంట్ అనే ట్రయల్ 2022లో వచ్చింది, రొమ్ము క్యాన్సరూ లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సరు) రోగులు 279 మంది. రెండేళ్ల తర్వాత గుండె పంపింగులో, అంటే ఒక్కో దెబ్బకి ఎంత శాతం రక్తాన్ని బయటికి నెడుతుందన్నదానిలో, తేడా కనిపించలేదు. స్టాప్ సీఏ 2023లో వచ్చింది, లింఫోమా రోగులు 300 మంది. ఏడాదికి పంపింగు బాగా పడిపోయినవాళ్లు స్టాటిన్ గుంపులో నూటికి 9, ప్లాసిబో గుంపులో 22. అదే మందు, అదే మోతాదు, రెండు జవాబులు! ఒకటి నిజం, ఒకటి అబద్ధం అనుకోకు. రెండో ట్రయల్లో లింఫోమా వాళ్లే ఉన్నారు, కీమో మోతాదు ఎక్కువ. దెబ్బ గట్టిగా తగిలేచోటే కాపు పనికొచ్చిందేమో. పైగా ఆ రెండో ట్రయల్లో కూడా, నిజంగా గుండె వైఫల్యంతో బాధపడినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ మాట కింద గీత గీసుకో, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

మోతాదు అన్నాను కదా, నీ పట్టికలో ఆ గడే లేదు. డాక్సోరుబిసిన్ విషయంలో ఈ ఒక్క గడి లేకపోతే మిగతా గడులన్నీ వృథా. ఒంటి వైశాల్యం చదరపు మీటరుకి మొత్తం 400 మిల్లీగ్రాములు పడేసరికి గుండె వైఫల్యం నూటికి సుమారు 5 మందిలో, 550 పడేసరికి సుమారు 26 మందిలో అని పాత ట్రయల్స్ కలిపి చూసి 2003లో లెక్క తేల్చారు. ఒక్కో రోగికి ఒక్కో సైకిల్లో ఎంత పడిందో కీమో చార్టు నుంచి నువ్వే కూడుకో. డిశ్చార్జి సమ్మరీని నమ్మకు, అందులో అనుకున్న మోతాదు ఉంటుంది, ఎక్కించిన మోతాదు ఉండదు. తర్వాత ట్రాస్టుజుమాబ్ (గుండెకి దెబ్బ తగిలించగల ఇంకో క్యాన్సర్ మందు) తీసుకున్నారా, ఎడమ వైపు ఛాతీకి రేడియేషన్ ఇచ్చారా అన్నవీ రాసుకో.

ఇప్పుడు ఎకో, అంటే గుండె స్కాను సంగతి. పంపింగు 10 పాయింట్లు పడితే దెబ్బతిన్నట్టు లెక్కేస్తానన్నావు. సరే. కానీ మామూలు ఎకోలో ఒకే మనిషికి, గుండెలో ఏ మార్పూ లేకపోయినా, రెండుసార్లు తీస్తే కొలత దాదాపు అంత తేడా రావచ్చు. చూసే చెయ్యి మారితే సరేసరి. అంటే నువ్వు పట్టుకుందామనుకున్న చేపా, నీ వల కన్నమూ ఒకే సైజులో ఉన్నాయి. పాత రిపోర్టుల్లో అంకెలు ఎక్కించుకుని ఊరుకోకు. దాచిన బొమ్మలు దొరికితే తీసి, ఇద్దరి చేత విడివిడిగా మళ్లీ కొలిపించు. వాళ్లకి పేరు తెలియకూడదు, స్టాటిన్ సంగతి తెలియకూడదు, అది కీమోకి ముందు తీసిన బొమ్మో తర్వాతదో కూడా తెలియకూడదు. కొలిచేవాళ్లు నీ స్నేహితులే అయితే మరీను. స్నేహితులకి మనల్ని సంతోషపెట్టాలని ఉంటుంది పాపం.

ఇందాక గీత గీసుకోమన్న మాటకి వస్తాను. మన వృత్తిలో అంకె బాగుపడితే మనిషి బాగుపడ్డాడనుకోవడం పాత జబ్బు. నా తరం గుండె డాక్టర్లకి దాన్ని వదిలించింది కాస్ట్ ట్రయల్. గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్లలో మధ్యమధ్య తప్పు కొట్టుకునే గుండెకి చావు భయం ఎక్కువని అందరికీ తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇస్తే ఆ తప్పు కొట్టుకోవడం అణిగిపోతుందనీ తెలుసు. ఇంకేం, ఇచ్చేయడమే. ఈసీజీ అద్దంలా కనిపించేది, మేమూ మురిసిపోయేవాళ్లం. ఇంత తెలిసి కొందరికి ప్లాసిబో ఇవ్వడం తప్పని ట్రయల్‌ని తిట్టినవాళ్లూ ఉన్నారు. మందు ఇచ్చిన 755 మందిలో 63 మంది, ప్లాసిబో ఇచ్చిన 743 మందిలో 26 మంది పోయారు. సగటున పది నెలల్లో! ఆ రెండు మందుల భాగాన్ని 1989లో మధ్యలోనే ఆపేశారు. ఈసీజీ బాగుపడినవాళ్లనే ఏరి ఆ ట్రయల్లో చేర్చుకున్నారు, అది మర్చిపోకు. ఆ ఫలితం చూశాక నేను ఆ మందులు రాసిచ్చిన మొహాలు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి.

అందుకే నీ పట్టికలో ఎకో అంకె పక్కన ఇంకో మూడు గడులు పెట్టు. ఆయాసంతో ఆసుపత్రిలో చేరారా, గుండె వల్ల కీమో ఆపాల్సి వచ్చిందా, బతికున్నారా. నీ దగ్గర ఉన్నంతమంది రోగులతో వీటిలో తేడా తేలకపోవచ్చు. తేలలేదనే రాయి.

పట్టిక నింపడం మొదలుపెట్టే ముందే ప్రధాన ప్రశ్న ఏది, గుంపులు ఏవి, ఏ లెక్క వేస్తావు అన్నది రాసి, తేదీ వేసి, స్టాటిస్టీషియన్‌కీ ఎథిక్స్ కమిటీకీ ఇచ్చెయ్యి. ఎందుకంటే మొదటి లెక్కలో ఏమీ తేలకపోతే రాత్రి పదకొండింటికి నీకు బుద్ధి పుడుతుంది, ఆడవాళ్లలో మాత్రమే చూద్దామా, యాభై దాటినవాళ్లలో చూద్దామా అని. ఎక్కడో ఒకచోట తేలుతుంది కూడా. గుండెపోటులో యాస్పిరిన్ ప్రాణం కాపాడుతుందని తేల్చిన ఐసిస్ 2 ట్రయల్లో 17,187 మంది ఉన్నారు. 1988లో దాన్ని ప్రచురించినప్పుడు, ఇలా ముక్కలు చేసి చూస్తే ఏమవుతుందో చూపించడానికే పుట్టిన రాశుల ప్రకారం విడగొట్టారు. మిథున, తుల రాశులవాళ్లకి యాస్పిరిన్ పనిచెయ్యలేదు, కాస్త చెరుపే చేసినట్టు కనిపించింది. నాది తులారాశి. యాస్పిరిన్ వేసుకుంటూనే ఉన్నాను.

అనుకోకుండా కనిపించినదాన్ని పారెయ్యమని కాదు. షుగరు మందు ఎంపాగ్లిఫ్లోజిన్ ట్రయల్లో 2015లో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం బాగా తగ్గినట్టు కనిపించింది. దాన్నే ప్రశ్నగా పెట్టి, అదే కుటుంబంలోని డాపాగ్లిఫ్లోజిన్‌ని షుగరు లేనివాళ్లతో కూడా కలిపి 4,744 మంది గుండె వైఫల్యం రోగుల్లో చూశారు. 2019లో నిజమేనని తేలింది. ఒంట్లో వాపుని అణిచే మందు కానకినుమాబ్ కథ వేరు. గుండెపోటు మళ్లీ రాకుండా ఆపుతుందా అని 10,061 మందిలో చూస్తే, 2017లో ఊపిరితిత్తుల క్యాన్సరు కూడా తగ్గినట్టు కనిపించి పెద్ద సంచలనమైంది. తర్వాత ఆ క్యాన్సరుకి చికిత్సగా పెట్టిన ట్రయల్స్ అన్నీ తుస్సుమన్నాయి. నీకలాంటిది కనిపిస్తే వేరే శీర్షిక కింద, ముందు అనుకున్నది కాదని చెప్పి రాయి.

ఇక రోగులకి ఫోన్లు. ఫైల్లో చివరి విజిట్ తర్వాత ఖాళీ ఉన్నవాళ్లందరికీ ఫోన్ చెయ్యాల్సిందే, ముందు కమిటీ అనుమతి తీసుకుని. జూనియర్‌కి అప్పగించకు. కొన్నిచోట్ల భార్యో కొడుకో ఎత్తి, ఆయన పోయి ఏడాదైందని చెప్తారు. అప్పుడు వెంటనే తేదీ అడగకు. వాళ్లు చెప్పుకునేది వినాలి, ఒక్కోసారి ఇరవై నిమిషాలు పడుతుంది. రోజుకి పది కంటే ఎక్కువ పెట్టుకోకు, అంతకంటే తట్టుకోలేవు. ముందుముందు ట్రయల్లో చేరమని మనుషుల్ని అడగాల్సి వస్తుంది, అదీ ఇలాంటిదే. క్యాన్సరని చెప్పిన రోజే కన్సెంట్ కాగితం ముందు పెట్టకు. ఏ గుంపులో పడతారో బొమ్మా బొరుసూ లాంటిదనీ, ఈ మందు వాళ్లకి మేలు చేస్తుందో లేదో మనకే తెలీదనీ, వద్దంటే మామూలు వైద్యంలో ఏ లోటూ రాదనీ చెప్పి, ఇంటికి వెళ్లి ఆలోచించుకోమను. ఆ మాట విని వెళ్లి తిరిగి రానివాళ్లని తప్పుపట్టకు.

చిల్లర సంగతులు రెండు. అసలు ఎక్సెల్ షీటు మీద ఎప్పుడూ పని చెయ్యకు, కాపీ మీద చెయ్యి. ఖాళీ గడిలో సున్నా వెయ్యకు.

రేపు రికార్డు రూముకి వెళ్తానన్నావు కదా. మొదటి కీమో తేదీతో రోగుల జాబితా ఫార్మసీ రిజిస్టరు నుంచి తీసుకుని వెళ్లు, ఫైళ్ల అరల నుంచి కాదు. ఆ జాబితాలో ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఫైళ్లు దొరికాయి, దొరకనివి ఎన్ని, ఈ మూడు అంకెలూ రాత్రికి నాకు పంపు. మిగతా ప్లాను తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న