అరవై దాటిన గొంతు వినడానికి నాన్నని తీసుకెళ్లాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ మారతహళ్లిలో ఉంటున్నాను. నాన్నకు 61, లెక్కల లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. పెళ్లికి ముందు గుంటూరులో రూములో ఉన్న రోజుల్లో కెనడా రాక్ గాయకుడు బ్రయన్ ఆడమ్స్ క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నారట, ఇప్పటికీ కారులో అవే పాటలు. 2024 డిసెంబరులో ఆ గాయకుడు కచేరీకి బెంగళూరు వచ్చినప్పుడు టికెట్లు తీసుకుంటానంటే నాన్న ఒప్పుకోలేదు. "65 ఏళ్ల మనిషి ఇంకేం పాడతాడమ్మా, నాకు క్యాసెట్లో గొంతు చాలు, ఆ డబ్బులు దాచుకో" అన్నారు. నేనూ ఊరుకున్నాను. మర్నాడు ఫోన్లో ఆ వీడియోలు చూసి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదని అమ్మ చెప్పింది. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మళ్లీ ఆ గాయకుడుగానీ, ఆ కాలం వాళ్లు ఇంకెవరైనాగానీ వస్తే బలవంతం చేసైనా తీసుకెళ్లమంటారా? నాన్నకు షుగరు, మోకాళ్ల నొప్పులు. అసలు ఆ వయసు వాళ్ల కచేరీలో వినడానికి ఏమైనా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: తీసుకెళ్లండమ్మా. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పెద్దగా వినిపించింది ఆ "ఎవరితోనూ మాట్లాడలేదు" అన్న మాటే. డబ్బు దాచుకోమన్నది తండ్రిగా అన్నమాట, అలా మాట్లాడకుండా కూర్చున్నది మాత్రం గుంటూరు రూములో ఉన్న ఆ కుర్రాడు.

ఆ శనివారం, డిసెంబరు 14న, నేను అక్కడే ఉన్నాను. మా అన్నయ్యతో వెళ్లాను. మాది కాకినాడ. స్టార్ టీవీలో ఎంటీవీ వచ్చిన కొత్తలో ఎదురింటివాళ్ల హాల్లో కూర్చుని చూసేవాళ్లం, తర్వాత అన్నయ్య ఖాళీ క్యాసెట్ కొని షాపులో ఇచ్చి కావాల్సిన పాటలన్నీ రికార్డు చేయించుకొచ్చేవాడు. ఒక్కో పాట పేరు కాగితం మీద వరసగా రాసి ఇవ్వాలి, 60 నిమిషాల క్యాసెట్లో చివరి పాట సగంలో తెగిపోయేది. ఆ సగం పాటలే మాకు ఇప్పటికీ గుర్తు, తర్వాత పూర్తిగా విన్నప్పుడు ఇంకేదో పాట విన్నట్టుండేది. అలాంటి అన్నయ్య కూడా గేటు దగ్గర నాతో అన్నది మీ నాన్నగారి మాటే: "బాగా పాడకపోతే నాకు ఆ పాత పాట కూడా పాడైపోతుందిరా." ఆయన భయం అది. మీ నాన్నగారిదీ అదే అయ్యుంటుంది. అందుకే మొదటి రెండు పాటలూ నేను స్టేజీ వైపు చూడలేదు, అన్నయ్య మొహమే చూస్తూ నిలబడ్డాను. రెండో పాట సగంలో ఆయన పెదవులు కదలడం మొదలైంది. ఇక అప్పుడు నేనూ స్టేజీ వైపు తిరిగాను.

గొంతు సంగతి దాచకుండా చెప్తాను. వయసు పెరిగేకొద్దీ స్వరపేటికలోని కండరాలు పలచబడతాయి, స్వరతంత్రులకు మునుపటి సాగుడు ఉండదు, ఊపిరి నిలపడమూ కష్టమవుతుంది. అందుకని చాలామంది పెద్ద గాయకులు పాత పాటని అర శ్రుతో ఒక శ్రుతో తగ్గించి పాడతారు, పైస్థాయిలో బాగా సాగదీయాల్సిన చోట జనానికి వదిలేస్తారు, లేదంటే పక్కన పాడేవాళ్లు అందుకుంటారు. మనకిది కొత్త కాదు కదా, మన కర్ణాటక సంగీత విద్వాంసులు వయసు పైబడ్డాక శ్రుతి తగ్గించుకుని కూర్చోవడం, ఆ తగ్గిన శ్రుతిలోనే రాగాన్ని ఇంకాస్త నిదానంగా, ఇంకాస్త లోతుగా చూపించడం మనం ఎన్నిసార్లు వినలేదు? అక్కడ దాన్ని పక్వత అని, రాక్ పాట దగ్గరకొచ్చేసరికి గొంతు పోయిందంటే ఎలా? పైగా బ్రయన్ ఆడమ్స్‌ది మొదటి నుంచీ జీర గొంతు. నున్నటి గొంతుకు వయసు మీద పడితే తేడా వెంటనే తెలిసిపోతుంది, జీర గొంతులో వయసు కలిసిపోతుంది. ఆ రాత్రి నాకలాగే అనిపించింది.

మీ నాన్నగారికి ఒక లెక్క చెప్పండి, లెక్కల మాస్టారు కాబట్టి ఇష్టపడతారు. ఆయన క్యాసెట్లలో తప్పకుండా ఉండే 'రెక్‌లెస్' ఆల్బమ్ విడుదలైంది 1984 నవంబరు 5న. ఆ రోజు బ్రయన్ ఆడమ్స్ 25వ పుట్టినరోజు. అప్పుడు మీ నాన్నగారికి ఇరవయ్యో ఇరవై ఒకటో. ఇప్పుడు ఆయన దాచుకున్నది పాతికేళ్ల కుర్రాడి గొంతు, విన్నది ఇరవై దాటిన కుర్రాడి చెవి. 1991లో ఓ హాలీవుడ్ సినిమా కోసం పాడిన ప్రేమపాట బ్రిటన్‌లో వరసగా 16 వారాలు మొదటి స్థానంలో ఉంది, అది ఏ పాటో మీ నాన్నగారిని అడిగితే పాడి వినిపిస్తారు. ఆ పాడినాయనకు ఇన్నేళ్లు వచ్చాయి, మీ నాన్నగారికీ వచ్చాయి. ఇద్దరూ ఒకే మైదానంలో, ఒకే రాత్రి, అదే పాట దగ్గర కలుసుకుంటే క్యాసెట్ పాడవదు. అన్నయ్య ఇప్పటికీ పాత రికార్డులే వింటున్నాడు, తేడా ఒక్కటే, వింటూ "ఇక్కడ ఆ రోజు మనమే పాడాం" అంటాడు.

ఇంకోటి చెప్పాలి, ఇది రాయడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. చెన్నైలో ఉన్న రోజుల్లో బాలు గారి కచేరీకి వెళ్లే అవకాశం వచ్చింది, ఆఫీసు పని ఉందని వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నాను. 2020 సెప్టెంబరు 25న ఆయన అదే ఊళ్లో వెళ్లిపోయారు. ఆయన పాటలు వేలకు వేలు నా దగ్గరున్నాయి, ఆయన ఎదురుగా నిలబడి పాడగా విన్న ఒక్క సాయంత్రం లేదు. అలాగే 2003 ఏప్రిల్ 4న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండు రాక్ బృందం వాళ్లు వాయించారు, అందులో పాడే మిక్ జాగర్‌కు అప్పుడు 59. నా స్నేహితుల్లో వెళ్లినవాళ్లున్నారు, "ముసలివాళ్లయ్యారు, ఏం వెళ్తాంలే" అని ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. జాగర్ ఆ తర్వాత ఇరవై ఏళ్లకు కూడా పాడుతూనే ఉన్నాడు, కానీ ఆ రాత్రి డ్రమ్స్ వాయించిన చార్లీ వాట్స్ 2021 ఆగస్టులో పోయాడు. ఇప్పుడెంత డబ్బు పెట్టినా ఆయన చేతి దెబ్బని ఎదురుగా వినలేం. ఆగిపోయిన ఒకాయన ఇప్పటికీ ఆ మాట ఎత్తితే కళ్లు దించుకుంటాడు.

బలవంతం మాత్రం చేయకండి. "మీకోసం టికెట్ కొన్నాను" అంటే ధర అడుగుతారు, అడిగాక రారు. "నాకొక్కదానికే భయంగా ఉంది, తోడు రండి నాన్నా" అనండి. అబద్ధమేం కాదు, రాత్రిపూట శివార్ల నుంచి తిరిగి రావాలి, తోడు కావాలి. కూతురికి తోడు వెళ్లడానికి మన నాన్నలు ఎప్పుడూ కాదనరు.

ఇక ఏర్పాట్లు. ఇక్కడ అశ్రద్ధ చేస్తే అంత మంచి సాయంత్రమూ మోకాళ్ల నొప్పితోనే గుర్తుండిపోతుంది. స్టేజీకి ఆనుకుని ఉండే ఫ్యాన్ పిట్ మీకొద్దు, అక్కడ మూడు నాలుగు గంటలు నిలబడాలి, మధ్యలో బయటికి వస్తే మళ్లీ ఆ చోటు దొరకదు. కుర్చీలున్న విభాగం ఉంటే డబ్బు ఎక్కువైనా అదే తీసుకోండి. లేకపోతే మైదానం మధ్యలో సౌండ్ ఇంజినీరు బల్ల వేసుకుని కూర్చునే చోటు ఉంటుంది, దానికి కాస్త ముందు నిలబడండి. ఆయన తన చెవికి బాగున్నట్టు శబ్దం సరిచేస్తాడు కాబట్టి మైదానం మొత్తంలో పాట శుభ్రంగా వినపడేది అక్కడే. ఆ కంచెకి ఆనుకుని నిలబడొచ్చు కూడా, మా అన్నయ్య అలాగే నెట్టుకొచ్చాడు. మరీ వెనక్కి వెళ్తే తెర మీద పెదవులు ముందు కదులుతాయి, పాట తర్వాత వస్తుంది, శబ్దం సెకనుకు 340 మీటర్లే కదా, వంద మీటర్ల దూరంలో ఆ తేడా కంటికి తెలుస్తుంది.

షుగరున్న మనిషికి ముఖ్యం బాత్రూమ్. లోపలికి వెళ్లగానే స్టేజీ ఎక్కడని కాదు, బాత్రూములు ఎక్కడున్నాయో చూసుకోండి, జనం నిండకముందే ఒకసారి వెళ్లి రమ్మనండి. ఈ ఏర్పాటు సరిగా లేక ఒక కచేరీలో మా పెద్దవాళ్లు పడ్డ ఇబ్బంది చూశాక టికెట్ పేజీలో నేను మొదట వెతికేది అదే, కనపడకపోతే నిర్వాహకులకు మెయిల్ పెట్టి అడుగుతాను. మందులు డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి, చాలాచోట్ల సంచులూ నీళ్ల సీసాలూ బయటి తినుబండారాలూ లోపలికి పోనివ్వరు, కానీ మందుల విషయం చెప్తే గేటు దగ్గర వింటారు. సాయంత్రం ఐదింటికే కడుపు నిండా టిఫిను పెట్టించి బయల్దేరండి, లోపల క్యూలో నిలబడి తిందామనుకోవద్దు. డిసెంబరు, జనవరి అయితే స్వెటరూ మఫ్లరూ, ఒంగోలు మనిషికి బెంగళూరు మైదానంలో రాత్రి తొమ్మిదింటి చలి అలవాటుండదు.

వేళ గురించి ఒక మాట. ఆరుబయట రాత్రి 10 దాటాక మైకులు పెట్టకూడదని దేశమంతటా నిబంధన ఉంది, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. అందుకని ఇక్కడ పెద్ద గాయకులు చాలావరకు చెప్పిన వేళకే మొదలుపెట్టేస్తారు, మన ఆడియో ఫంక్షన్లలా గంట ఆలస్యంగా వెళ్తే మొదటి అరడజను పాటలు పోతాయి. తుమకూరు రోడ్డులో నైస్ గ్రౌండ్స్‌లో అయితే కారు వద్దు, గ్రీన్ లైన్ మెట్రో 2024 నవంబరు నుంచి ఆ దగ్గర్లోని మాదావర దాకా వెళ్తోంది. తిరుగు ప్రయాణానికి చివరి రైలు ఎన్నింటికో ముందే చూసుకోండి. మారతహళ్లి అక్కడికి ఊరి ఆ చివరా ఈ చివరా, ఆ రాత్రికి పీణ్యా, యశ్వంతపుర వైపు ఎవరింట్లోనైనా, లాడ్జిలోనైనా ఉండిపోతే నాన్నగారికి సుఖం.

స్టేజీ మీద పాడుతుంటే ఫోను తీయకండి. ఒక్కసారి తీసినా స్టేజీ వైపు వద్దు, నాన్నగారి వైపు తిప్పండి. నా దగ్గర అన్నయ్యది పదిహేను సెకన్ల వీడియో ఉంది, ఆ రాత్రిది నా దగ్గరున్నది అదొక్కటే.

ప్రశ్న: కచేరీకి వెళ్లొచ్చి రెండు రోజులైంది, చెవుల్లో ఇంకా కుయ్యిమంటోంది. ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటానంటే ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. అంత టెన్షన్ పడాల్సిన విషయమా?
– బీటీఎం లేఅవుట్ నుంచి ఒక కుర్రాడు

జవాబు: నవ్వనివ్వండి, మీరు పెట్టుకోండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చని లెక్క, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంట. స్పీకర్ల ముందు మీరు నిలబడింది రెండు గంటలు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమ కణాలుంటాయి, అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. చాలామందికి ఆ మోత ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, మీకు రెండు రోజులు దాటింది కాబట్టి ఇక ఆగకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక చెవి హఠాత్తుగా వినపడటం తగ్గితే మాత్రం ఆ రోజే వెళ్లాలి. స్పాంజి ప్లగ్స్ మందుల షాపులో దొరుకుతాయి, సంగీతం కోసమే చేసినవి కాస్త ఖరీదు, వాటితో పాట మసకబారకుండా మోత ఒక్కటే తగ్గుతుంది. స్టేజీ మీద పాడేవాళ్లలో చాలామంది చెవుల్లో కూడా ఏదో ఒకటి ఉంటుంది, గమనించండి.

ప్రశ్న: నాకు ఇంగ్లిషు పాటల్లో సగం మాటలు అర్థం కావు. మావారు పిలుస్తున్నారు, వెళ్లి అందరి మధ్య ఊరికే నిలబడాలేమోనని మొహమాటం.
– ఒక గృహిణి, వైట్‌ఫీల్డ్

జవాబు: 2025 ఫిబ్రవరిలో ఇదే బెంగళూరులో ఎడ్ షీరన్ అనే ఇంగ్లండు గాయకుడు శిల్పారావు గారితో కలిసి 'దేవర'లోని చుట్టమల్లే పాట తెలుగులోనే పాడాడు. ఆయనకు తెలుగు రాదు, ఆ మాటలు నేర్చుకుని పాడాడు, మైదానమంతా కేకలతో మారుమోగిపోయింది. పరాయి భాషలో పాడటానికి ఆయనకు లేని మొహమాటం వినడానికి మీకెందుకు? ఒక్క పని చేయండి. ఇలాంటి టూర్లలో ఊరూరా దాదాపు అవే పాటలు, అదే వరసలో పాడతారు. ముందు ఊళ్లో ఏం పాడారో మీవారిని వెతికి పెట్టమనండి, వంట చేసుకుంటూ పది రోజులు అవే వినండి. పల్లవులు నోటికొచ్చేస్తాయి, మిగతాది ఆ రోజు మీ పక్కన నిలబడ్డవాళ్లు పాడతారు.