మాలకైట్ పెండెంట్ కొన్నావుగా, ఇక ఇది చదువు

అమ్మాయీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. పచ్చ మీద పచ్చ వలయాలు, నడుమ కన్నులాంటి చుక్క. మంచి ముక్కే ఏరుకున్నావు. ఎలా శుభ్రం చేయాలని అడిగావు కదా, ముందు ఒక్క మాట: దీన్ని అగేట్ లాంటి గట్టి రాళ్లలో జమకట్టకు, ముత్యాల లెక్కలో చూసుకో.

ఎందుకంటే ఇది మెత్తటి రాగి ఖనిజం, ఒక రకం రాగి కార్బొనేట్. నేల పైపొరల్లోని రాగి ముడిఖనిజాన్ని గాలీ, నీరూ కలిసి మెల్లగా కరిగిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ కలిసిన ఆ నీళ్లు పగుళ్లలోకి, ఖాళీల్లోకి దిగి పొర మీద పొరగా మాలకైట్‌ను పేరుస్తూ పోతాయి. సన్నటి స్ఫటికాల పొర లేతగా, పెద్దవాటి పొర ముదురుగా కనిపిస్తుంది. అలా ద్రాక్షగుత్తిలా ఉబ్బిన ముద్దను కోస్తే నీ పెండెంట్‌లోని వలయాలు బయటపడతాయి. ఆ పచ్చదనమంతా రాగిదే.

రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోస్ కొలతలో దీనిది 3.5 నుంచి 4, అంతే. ఇంట్లో దుమ్ములో ఉండే క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజం) రేణువులది 7. అంటే పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే నువ్వే గీతలు పెట్టినట్టు. ముందు దుమ్ము ఊదేసి, తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడువు, వెంటనే ఆరబెట్టు. మరకేదైనా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క సబ్బు చాలు. నానబెట్టకు. మెరుపు కోసం పైన మైనం పూసి ఉంటే వేడినీళ్లకు అది కాస్తా పోతుంది.

వెనిగర్, నిమ్మరసం దగ్గరికే రానీయకు. ఆమ్లం తగిలితే కార్బొనేట్ నురగ కక్కుతుంది, పాలిష్ ఉన్నచోట మచ్చ మిగులుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లూ అంతే. నగల షాపులో అల్ట్రాసోనిక్ మెషీన్‌లో (శబ్ద తరంగాలతో కడిగేది), ఆవిరిలో వేస్తామంటే వద్దని గట్టిగా చెప్పు. సెంటు కొట్టుకుని, అది ఆరాకే మెడలో వేసుకో. ఉంగరం చేయించుకుంటానన్నావు, నాకైతే ఇష్టం లేదు. చెయ్యి రోజుకి ఎన్నిసార్లు ఎక్కడెక్కడ తగులుతుందో చూసుకో.

అసలుదేనా అని టెన్షన్ పడకు. చేత్తో పట్టుకుంటే చల్లగా, సైజుకి మించిన బరువుగా ఉండాలి. నీటికి దాదాపు నాలుగు రెట్ల సాంద్రత దీనిది. గీతలన్నీ ఒకే వెడల్పులో, మరీ నల్లగా, స్కేలు పెట్టి గీసినట్టుంటే అనుమానించాలి. తేలిగ్గా, వెచ్చగా ఉంటే ప్లాస్టిక్.

అన్నట్టు, రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పాత రాజభవనం వింటర్ ప్యాలెస్‌లో మాలకైట్ హాల్ ఉంది. ఆ స్తంభాలు నిలువెత్తు రాళ్లు కావు, పల్చటి పలకల్ని గీత గీత కలిసేలా అతికించారు. అంత పనితనం మరి!

మెరుపు తగ్గితే ఇంట్లో గరుకు కాగితం పట్టకు. దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. రాళ్లు సానపట్టేవాళ్లకే ఇవ్వు, వాళ్లు నీళ్లు పోస్తూ చేస్తారు. మిగతా నగలతో కలపకుండా విడిగా మెత్తటి సంచిలో పెట్టుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న