క్లాసురూములో కాపురం పెట్టొచ్చా?

(పాత ఇళ్ళు, పాత కట్టడాల గురించి మీరడిగిన ప్రశ్నలు, నా జవాబులు)

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో న్యూజెర్సీలో ఉంటుందండి, బొమ్మలు వేస్తుంది. అల్లుడిది సాఫ్ట్‌వేర్. వాళ్ళ టౌన్‌లో వందేళ్ళ నాటి స్కూల్ని అపార్ట్‌మెంట్లు చేశారట, పిల్లలు ఆడుకునే పెద్ద హాల్లో ఇప్పుడు డాన్స్ క్లాసులు, బొమ్మల ఎగ్జిబిషన్లు పెడుతున్నారట. అందులో అద్దెకి దిగుతామంటోంది. నాకేమో మనసొప్పట్లేదు. చదువులమ్మ ఉన్న చోట పొయ్యి వెలిగించడం, పడక వేసుకోవడం తప్పు కాదా? అంత పాత బిల్డింగ్ గట్టిగా ఉంటుందా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు మీ మనసులో మాటకే జవాబు చెప్తాను. మన తాతల కాలంలో వీధిబడి ఎక్కడుండేది? పంతులుగారి ఇంటి అరుగు మీదే కదా. లోపల పంతులమ్మగారు పొయ్యి మీద అన్నం వారుస్తుంటే బయట పిల్లలు ఇసకలో ఓనమాలు దిద్దేవాళ్ళు, ఆ పొగకి సరస్వతీదేవి ఏనాడూ అలిగి వెళ్ళిపోలేదు. ఆ బడిని కూల్చేసి కార్ పార్కింగ్ చేసుంటే నేనూ బాధపడేవాణ్ణి, కానీ అక్కడ మళ్ళీ దీపం వెలుగుతోంది, మీ అమ్మాయి అక్కడ కూర్చుని బొమ్మలు వేస్తానంటోంది, ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

గట్టిదనం సంగతికొస్తే, ఆ కాలం బడులు చాలావరకు మందపాటి ఇటుక గోడలతో, రోజూ వందల మంది పిల్లలు గంట కొట్టగానే ఒక్కసారి మెట్లు దిగినా తట్టుకునేలా కట్టారు. నేను కిందటేడాది అమెరికా వెళ్ళినప్పుడు ఒక బంధువుల ఇల్లు ఇలాంటిదే చూశాను. ఒక క్లాసురూమే ఒక ఇల్లు. సీలింగ్ ఎంత ఎత్తంటే వాళ్ళు లోపల చెక్కతో అటక లాగా కట్టుకుని దానిమీద మంచం వేసుకున్నారు, కిటికీలు నా ఎత్తుకి రెండింతలు. నల్లబల్ల గోడకి అలాగే ఉంది, సుద్దముక్కలు పెట్టుకునే చెక్క గట్టు మీద ఆవిడ పోపుల సీసాలు వరసగా పెట్టుకుంది! బయట వరండాలో కోట్లు తగిలించుకునే కొక్కేలు నా నడుము దగ్గరికే ఉన్నాయి, చిన్నపిల్లల ఎత్తుకి పెట్టినవి మరి, వాటిని తియ్యలేదు. మెట్లు మధ్యలో గిన్నెలా అరిగిపోయున్నాయి. కాసేపు నాకు నోటమాట రాలేదు.

ఇవన్నీ ఊరికే ముచ్చటపడి ఉంచినవి కావండి, దాని వెనక లెక్క ఉంది. అమెరికాలో చారిత్రక కట్టడంగా గుర్తింపు ఉన్న బిల్డింగ్‌ని పద్ధతి ప్రకారం బాగుచేసి అద్దెకిస్తే, ఆ పని ఖర్చులో 20 శాతం ఓనర్ కట్టాల్సిన ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) ఇన్‌కమ్ ట్యాక్స్‌లో తగ్గుతుంది. పద్ధతి అంటే నేషనల్ పార్క్ సర్వీస్, అంటే అక్కడి పార్కులు, చారిత్రక కట్టడాలు చూసే ప్రభుత్వ శాఖ వాళ్ళు ఒప్పుకోవాలి, వాళ్ళేమో బడిని చూస్తే బడి అని తెలియాలంటారు, వెడల్పాటి వరండా, మెట్లు, పెద్ద హాలు ఇవి చెడగొట్టకూడదు. హాలుని ముక్కలుగా కోసి నాలుగు ఫ్లాట్లు చేస్తానంటే అప్రూవల్ దగ్గర దెబ్బ తింటుంది, అందుకే చాలాచోట్ల అది నాటకాలకి, మీటింగులకి మిగిలిపోతుంది. పని పూర్తయ్యాక అయిదేళ్ళలోపు అమ్మేస్తే తగ్గిన పన్ను కొంత వెనక్కి కట్టాలి కూడా.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్‌లో, 99వ వీధిలో ఉన్న పీఎస్ 109. పబ్లిక్ స్కూల్ నంబర్ 109 అన్నమాట. 1898 నాటి బిల్డింగ్, డిజైన్ చేసింది సి.బి.జె. స్నైడర్, ఆయన 1891 నుంచి దాదాపు ముప్ఫయ్యేళ్ళు ఆ సిటీ స్కూలు బిల్డింగులన్నీ చూసుకున్నాడు, ఇరుకు సందుల్లో ఉన్న బీద పిల్లలకి కూడా గాలి, వెలుతురు రావాలని పట్టుబట్టిన మనిషి. ఆ బడి 1995లో మూతపడింది, కూల్చే దాకా వచ్చింది, జనం అడ్డుపడితే ఆగింది, తర్వాత ఏళ్ళ తరబడి ఖాళీగా పడుంది. చివరికి మినియాపొలిస్‌కి చెందిన ఆర్ట్‌స్పేస్ అనే లాభాపేక్ష లేని సంస్థ స్థానిక సంస్థతో కలిసి సుమారు 5 కోట్ల 20 లక్షల డాలర్లు పెట్టి ఆర్టిస్టుల కోసం 89 ఇళ్ళు చేసింది, కింది భాగం ఆర్ట్స్ సంస్థలకి, గ్యాలరీకి వదిలింది. అందులో కనీసం సగం ఇళ్ళు ఆ పేటలో ఉన్నవాళ్ళకే ఇవ్వాలని పెట్టుకున్నారు. అప్లికేషన్లు ఎన్నొచ్చాయో తెలుసా, 53,000! చిన్న స్టూడియో (ఒకే గది ఇల్లు) అద్దె అప్పట్లో నెలకి 494 డాలర్ల నుంచి మొదలైతే, అది కూడా అద్దెలు మండిపోయే మన్‌హట్టన్‌లో, రాకేం చేస్తాయి.

నేను ఎవరడిగినా చెప్పేది ఈ సగం ఇళ్ళ గురించే. కిటికీలు, నల్లబల్లలు ఎంత అందంగా కాపాడినా ఆ పేటలో పుట్టిన వాడు, వాళ్ళమ్మ చదువుకున్న ఆ గుమ్మంలోకి మళ్ళీ అడుగు పెట్టలేకపోతే అది నాకు బడిని బాగుచేసినట్టు అనిపించదు.

మీ అమ్మాయిని మాత్రం కొన్ని కనుక్కోమనండి. ఆ ఇళ్ళు తక్కువ ఆదాయం వాళ్ళ కోసం కట్టినవా, మామూలు మార్కెట్ అద్దెవా? తక్కువ ఆదాయం ఇళ్ళని ఆర్టిస్టులకి ప్రత్యేకంగా ఇవ్వొచ్చని 2008లో చట్టంలోనే స్పష్టం చేశారు గానీ, ఆ కోటా అయితే అల్లుడి జీతం లిమిట్ దాటొచ్చు, ఊరికే ఆశ పెట్టుకోవద్దు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం (లెడ్) కలిసిన పెయింట్ గురించి తెలిసింది ఓనర్ కాగితం మీద రాసివ్వాలి, అది చదవకుండా సంతకం పెట్టొద్దు, రేపు పసిపిల్లలు పాకే ఇల్లు కదా. అంత పెద్ద కిటికీలు కాబట్టి చలికాలం హీటింగ్ బిల్లు ఎంతొస్తుందో ఇప్పుడున్న వాళ్ళనే అడగాలి. కింద హాల్లో డాన్స్ క్లాసు జరిగే టైంలో ఒకసారి వెళ్ళి చప్పుడు ఎంత వినిపిస్తుందో చూసుకోమనండి.

ప్రశ్న: మా ఊళ్ళో మా తాతగారు ఇచ్చిన స్థలంలో 1930ల్లో కట్టిన బడి ఉందండి, పెంకుల కప్పు, సున్నం గోడలు. కొత్త బిల్డింగ్ వచ్చాక దీనికి తాళం వేశారు, ఇప్పుడు కూల్చి షాపులు కడదామంటున్నారు. రెండు గదులు ఒంటరి పెద్దవాళ్ళకి ఇల్లుగా, హాలు లైబ్రరీగా, కోలాటం, భజనలు నేర్పడానికి వాడుకోవచ్చా?
– తూర్పుగోదావరి జిల్లా పాఠకుడు

జవాబు: బాబూ, మీ ఆలోచన చదివి చాలా సంతోషమేసింది. ముందు రిజిస్ట్రార్ ఆఫీసులో తాతగారి దాన దస్తావేజు నకలు తీయించండి. బడి కోసమే అని షరతు రాసుందా, ఎవరి పేరున ఇచ్చారు, ఇదంతా అందులో తేలుతుంది, పంచాయతీ వాళ్ళతో మాటలు ఆ కాగితం చేతిలో ఉన్నాకే. ఇళ్ళకి ఒప్పుకోకపోయినా లైబ్రరీకి కాదనడం కష్టం, దాంతోనే మొదలుపెట్టండి.

గోడల విషయంలో ఒక్కటి బతిమాలుతున్నా, సిమెంట్ పూయించకండి. గోడ మీద వేలితో రుద్దండి, తెల్లగా పొడి రాలితే భయపడకండి, అది సున్నం, లోపలి తేమని బయటికి వదులుతుంది. సిమెంట్ వేస్తే ఆ నీరు లోపలే చిక్కుకుని నాలుగు వానలకి పూత పెచ్చులుగా ఊడి, ఇటుక కూడా తినేస్తుంది. గానుగ సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ ఎవరైనా మీ చుట్టుపక్కల ఉంటే ఈ నెలలోనే వెళ్ళి కలవండి. ఆ లోపు పగిలిన పెంకుల మీద ఒక టార్పాలిన్ కప్పించండి, వానలు పడితే ముందు పోయేది దూలాలే.